కాలి కొలతకు స్ప్రింగు టేపు: ఏడాదిన్నర వాడాక

ఈ టేపుకు నేను పెట్టిన ఖరీదు 2,800 రూపాయలు. టైలరు టేపు 20 రూపాయలకు ఏ ఫ్యాన్సీ దుకాణంలోనైనా దొరుకుతుంది. రెండింటి మీదా ఉండేవి అవే సెంటీమీటర్లు, అవే గీతలు. మరి ఇంత డబ్బు ఎందుకు పోశావని మా ఆయన అడిగారు, పక్క గదిలో రోగులను చూసే డాక్టరుగారూ అడిగారు. వాళ్ళకు నోటితో చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. కాళ్ళ వాపు, చేతుల వాపు కొలవాల్సిన పని ఉన్నవాళ్ళకు, ఇంట్లో అలాంటి మనిషిని చూసుకుంటున్నవాళ్ళకు ఉపయోగపడుతుంది.

నేను కాకినాడలో ఫిజియోథెరపిస్టును. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందిది వాపు సమస్యే. కొందరిది బోదకాలు, కొందరిది రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చేతికి వచ్చిన వాపు, ఇంకొందరిది రోజంతా నిలబడి పనిచేయడంతో సిరలు ఉబ్బి వచ్చిన వాపు. గోదావరి జిల్లాల్లో బోదకాలు గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. దోమకాటుతో ఒంట్లో చేరిన ఫైలేరియా పురుగు, కణజాలంలో చేరే ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస నాళాలను పాడుచేస్తుంది. పైకి పోవాల్సిన ద్రవం కాలిలోనే నిలిచిపోతుంది. పాడైన నాళాలను బాగుచేసే మందు లేదు. శుభ్రత, వ్యాయామం, పొరలు పొరలుగా కట్టే కట్టు, ఆ తర్వాత బిగుతు మేజోళ్ళు. వీటితో వాపు తగ్గుతుంది, కానీ నెమ్మదిగా తగ్గుతుంది. ఆ నెమ్మదిని కంటితో పట్టుకోలేం. అందుకే కొలవాలి.

ఇక టేపు సంగతి. పట్టీ సాగని ఫైబర్ గ్లాసుది. ఒక చివర వేలెడంత గొట్టం ఉంటుంది, అందులో చిన్న స్ప్రింగు. పట్టీని కాలి చుట్టూ తిప్పి, గొట్టం కొసను పట్టుకుని మెల్లగా లాగితే లోపలి నుంచి ఒక రంగు పూస బయటికి తొంగిచూస్తుంది. పూస కనబడగానే ఆగి, అక్కడ ఉన్న అంకె చదువుకోవాలి. రెండో పూస కూడా బయటపడిందంటే ఎక్కువ లాగామని అర్థం. నా టేపు పెట్టె మీద రాసినదాని ప్రకారం మొదటి పూస కనబడేటప్పటి లాగుడు 113 గ్రాముల బరువుకు సమానం. సోమవారం లాగినా శనివారం లాగినా, నేను లాగినా మరొకరు లాగినా అంతే లాగుడు. ఈ వస్తువు గొప్పతనమంతా ఆ పూసలోనే ఉంది. దీన్ని గులిక్ టేపు అంటారు, ఆ పేరుతో వెతికితే రకరకాల కంపెనీలవి కనబడతాయి.

లాగుడులో తేడా వస్తే ఏమవుతుంది? కొన్న వారంలోనే ఒక పరీక్ష చేశాను. మా దగ్గర పనిచేసే ఇద్దరు అమ్మాయిలూ నేనూ, ఒకరి కొలత మరొకరికి చెప్పకుండా, ఒకే రోగి పిక్కను ఒకే గీత మీద టైలరు టేపుతో కొలిచాం. ఒకరికి 37.1, ఒకరికి 36.2, నాకు 36.8 వచ్చాయి. అదే చోట స్ప్రింగు టేపుతో కొలిస్తే 36.5, 36.6, 36.4. వాపు ఉన్న కాలు మెత్తగా ఉంటుంది, లాగినకొద్దీ టేపు లోపలికి దిగుతుంది. గట్టి చెయ్యి ఉన్న అమ్మాయికి తక్కువ వస్తుంది, రోగికి నొప్పి పుడుతుందేమోనని భయపడే అమ్మాయికి ఎక్కువ వస్తుంది.

అర సెంటీమీటరే కదా అనిపించవచ్చు. లెక్క కట్టి చూడండి. కాలిని నాలుగేసి సెంటీమీటర్ల ముక్కలుగా ఊహించుకుంటాం. ఒక్కో ముక్క కొస తెగిన శంకువులాంటిది. కింది చుట్టుకొలత 36, పై చుట్టుకొలత 38 అనుకుందాం. 36 వర్గం, 38 వర్గం, రెండింటి లబ్ధం, ఈ మూడూ కూడితే 4,108. దాన్ని ఎత్తు 4తో గుణించి 37.7తో (పన్నెండు రెట్ల పై, అంటే 12 × 3.14) భాగిస్తే ఆ ముక్క ఘనపరిమాణం సుమారు 436 మిల్లీలీటర్లు. ఇప్పుడు రెండు చోట్లా అర సెంటీమీటరు ఎక్కువ బిగించి కొలిచామనుకోండి, 424 వస్తుంది. ముక్కకు 12 మిల్లీలీటర్ల తేడా. చీలమండ నుంచి మోకాలి దాకా పది ముక్కలుంటే మొత్తం మీద 120. అంటే కాలిలో చుక్క కూడా తగ్గకుండానే, చెయ్యి మారినంత మాత్రాన ఒక టీ గ్లాసు ద్రవం తగ్గినట్టు కాగితం మీద కనబడుతుంది. ఆ అంకె చూసి కట్టు మార్చాలా వద్దా అని నేను నిర్ణయం తీసుకోవాలి. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తప్పు అంకె మీద నిర్ణయం తీసుకున్నానో తలచుకుంటే మనసు బాధపడుతుంది.

ఈ శంకువుల లెక్క నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శిక్షణలో నేర్పారు. ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. టేపు కొన్నాక ఆసక్తి పుట్టి చదవడం మొదలుపెడితే, ఇదే పద్ధతిలో మనుషుల కాళ్ళను అంతరిక్షంలో కొలిచారని తెలిసింది. అదీ మరెక్కడో కాదు, అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో.

స్కైలాబ్ అనగానే మన ఊళ్ళలో నడివయసు దాటినవాళ్ళకు గుర్తొచ్చేది ఒక్కటే. 1979 జులైలో అది నెత్తిన పడుతుందన్న భయం. కోనసీమ నుంచి వచ్చే ఒక మామ్మగారు ఉన్నారు, ఎడమ కాలికి బోదకాలు. కట్టు విప్పి కొలుస్తూ, మీ కాలిని కొలిచినట్టే స్కైలాబ్‌లో కూడా కొలిచారు మామ్మగారూ అన్నాను. ఆవిడ ఒక్కసారి లేచి కూర్చున్నారు. "స్కైలాబా? అది పడుతుందనే కదమ్మా మా అత్తగారు పుంజును కోయించేశారు! చచ్చిపోయేవాళ్ళకి దాచుకోవడం ఎందుకు, తినేయండి అన్నారు. తిన్నాం. పొద్దున లేచి చూస్తే అందరం బతికే ఉన్నాం, పుంజు మాత్రం లేదు" అన్నారు. అది చివరికి హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ ముక్కలై పడింది. పడక ముందు అందులో తొమ్మిది మంది మనుషులు ఉండి వచ్చారనీ, వాళ్ళ కాళ్ళు అక్కడ సన్నబడ్డాయనీ చెబితే ఆవిడ నమ్మలేదు. "అన్నం లేకనా?" అని అడిగారు.

అన్నం లేక కాదు. మనం నిలబడితే రక్తం బరువంతా కాళ్ళ మీదికి దిగుతుంది. కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ దగ్గర సిరల్లో పీడనం 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. కాలి సిరలు, కండరాలు, చర్మం ఆ బరువును పైకి నెట్టడానికి జీవితాంతం అలవాటుపడి ఉంటాయి. భారం లేని చోట ఆ బరువు మాయమవుతుంది, నెట్టడం మాత్రం ఆగదు. దాంతో రక్తం, కండరాల మధ్య ఉండే ద్రవం ఛాతీకీ తలకీ చేరతాయి. ముఖం ఉబ్బుతుంది, జలుబు చేసినట్టు ముక్కు మూసుకుపోతుంది, కాళ్ళు పిట్టకాళ్ళవుతాయి. రెండు కాళ్ళ నుంచి కలిపి లీటరు నుంచి రెండు లీటర్ల దాకా పైకి పోతుంది.

స్కైలాబ్‌లోకి 1973 మే నుంచి 1974 ఫిబ్రవరి దాకా మూడు బృందాలు వెళ్ళాయి, ఒక్కో బృందంలో ముగ్గురు. 28 రోజులు, 59 రోజులు, 84 రోజులు ఉన్నారు. మొదటి బృందంలో జోసెఫ్ కెర్విన్ అనే డాక్టరు కూడా ఉన్నారు. రక్తప్రసరణను పరీక్షించడానికి అక్కడ పెద్ద సరంజామానే ఉండేది. మనిషి నడుము దాకా ఒక పీపాలాంటి దానిలో దూరితే, నడుము దగ్గర గాలి చొరకుండా బిగించి, లోపలి పీడనాన్ని మెట్టుమెట్టుగా, బయటి పీడనం కన్నా 50 మిల్లీమీటర్ల పాదరసం తక్కువయ్యే దాకా తగ్గించేవారు. అప్పుడు రక్తం కాళ్ళలోకి లాగబడుతుంది, భూమి మీద నిలబడినప్పటిలాగే. గుండె, రక్తపోటు దానికి ఎలా తట్టుకుంటున్నాయో చూసేవారు. పిక్కకు విద్యుత్ పట్టీలు చుట్టి, కాలు ఎంత ఉబ్బిందో ఆ పట్టీలతో తెలుసుకునేవారు.

ఆ విద్యుత్ పట్టీ, పరీక్ష మొదలైన క్షణం నుంచి ఎంత మార్పు వచ్చిందో చెబుతుంది. ఈ రోజు కాలు పోయిన నెల కన్నా ఎంత సన్నబడిందన్న ప్రశ్నకు మాత్రం టేపే కావాలి. విలియం థార్న్‌టన్ అనే డాక్టరు, భౌతికశాస్త్రం కూడా చదువుకున్న మనిషి, ఆ ప్రశ్నను పట్టుకున్నారు. భారం లేని చోట తక్కెడ పనిచేయదు కనుక, స్ప్రింగు మీద ముందుకూ వెనక్కూ ఊగే కుర్చీతో మనిషి ద్రవ్యరాశిని కొలిచే సాధనం తయారుచేసింది కూడా ఆయనే. ఊగడానికి పట్టే సమయాన్ని బట్టి ఎన్ని కిలోలో తెలిసిపోతుంది. 84 రోజులు ఉన్న మూడో బృందం, జెరాల్డ్ కార్, ఎడ్వర్డ్ గిబ్సన్, విలియం పోగ్, కాలి పొడవునా కొద్ది సెంటీమీటర్ల ఎడంతో ఒకరి కాళ్ళను ఒకరు టేపుతో చుట్టి కొలుచుకున్నారు. ఆ అంకెలను శంకువుల లెక్కతో కూడితే కాలి ఘనపరిమాణం వచ్చింది. నాసా ఈ ప్రయోగాల వివరాలన్నీ 1977లో పుస్తకంగా ప్రచురించింది. అంత ఖర్చు పెట్టి కట్టిన అంతరిక్ష కేంద్రంలో, కాళ్ళలో ఏం జరుగుతోందో చెప్పిన సాధనాల్లో మామూలు కొలత పట్టీ ఒకటి. నేను రోజూ చేతిలో పట్టుకునే వస్తువు. అది చదివిన రోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

ఆ కొలతల నుంచి తేలిన సంగతి నా పనికి నేరుగా పనికొచ్చింది. కాళ్ళు సన్నబడటంలో రెండు భాగాలున్నాయి. ద్రవం పైకి పోవడం వల్ల వచ్చే మార్పు చకచకా జరుగుతుంది, దిగాక చకచకా తిరిగి వస్తుంది. నడక లేక కండ కరగడం వల్ల వచ్చే మార్పు నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగానే పోతుంది. రోజులవారీగా కొలిస్తేనే రెండింటినీ విడదీయగలం. మూడో బృందానికి థార్న్‌టన్ ఒక నున్నని పలక ఇచ్చారు. రబ్బరు తాళ్ళతో ఒంటిని కిందికి లాగి కట్టుకుని, మేజోళ్ళతో దాని మీద జారుతూ నడిచేవారు. అందరికన్నా ఎక్కువ రోజులు ఉన్నా, వాళ్ళ కాళ్ళ బలం ముందు బృందాల కన్నా తక్కువ తగ్గింది. బోదకాలులోనూ ఇలాంటి రెండు భాగాలే. రాత్రి కాలు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే పొద్దునకు తగ్గేది ద్రవం. ఏళ్ళ తరబడి గట్టిపడిన చర్మం, కణజాలం అంత త్వరగా తగ్గవు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిస్తే ఎంత ద్రవమో, ఎంత గట్టిదనమో ఒక అంచనా వస్తుంది. ఇది నేను పదేళ్ళ క్రితమే చేసి ఉండాల్సింది.

తర్వాత 1983 ఆగస్టులో ఛాలెంజర్ అనే షటిల్‌లో (అంతరిక్ష నౌకలో) థార్న్‌టన్ తానే అంతరిక్షంలోకి వెళ్ళారు. అప్పటికి ఆయనకు 54 ఏళ్ళు. అది మన ఇన్సాట్-1బి ఉపగ్రహాన్ని మోసుకెళ్ళిన యాత్ర. మా వీధిలో మొదటి టీవీ వచ్చింది ఆ ఉపగ్రహం పైకి వెళ్ళాకే, ఊరంతా ఆ ఇంటి అరుగు మీదే ఉండేది. ఆ ఉపగ్రహంతో పాటు వెళ్ళిన ఒక డాక్టరు సహచరుల శరీరాల్లో వస్తున్న మార్పులను కొలుస్తూ ఉన్నాడని అప్పుడు మాకెవరికీ తెలియదు. షటిల్ యాత్రల్లో కొలత పట్టీలు అమర్చిన మేజోడు తొడుక్కుని మొదటి గంటల్లోనే కొలిచారు. పోవాల్సిన ద్రవంలో చాలా భాగం మొదటి రోజే పైకి పోతుందని అలా తేలింది.

మళ్ళీ మా గదిలోకి వస్తాను. మామ్మగారిని మొదట కొలిచినప్పుడు చీలమండ నుంచి మోకాలి దాకా 4,210 మిల్లీలీటర్లు వచ్చింది. మూడు వారాలు కట్టు కట్టాక 3,480. ఆవిడకు అంకెలు చెబితే తల ఊపారు గానీ ముఖంలో ఏమీ కనబడలేదు. లీటరు సీసాలో 730 దాకా నీళ్ళు పట్టి చేతికిచ్చాను. ఆవిడ సీసాను రెండు చేతులతో పట్టుకుని బరువు చూశారు, ఒడిలో పెట్టుకున్నారు, తర్వాత కాలి వంక చూశారు. "ఇన్ని నీళ్ళు మోస్తూ తిరిగానా అమ్మాయ్" అన్నారు. ఆ సీసా ఇంటికి తీసుకెళ్తానంటే ఇచ్చేశాను. రాకెట్టు ఎక్కిన మనిషికి ఒక్కో కాలి నుంచి పైకి పోయేది కూడా దాదాపు ఇంతే.

టేపులో లోపాలు లేకపోలేదు. నేను మొదట ఆన్‌లైన్‌లో తెప్పించిన టేపుకు స్ప్రింగు బిగుసుకుపోయి ఉంది. పూస బయటికి వస్తే లోపలికి వెళ్ళలేదు. అమ్మినవాళ్ళు మార్చి ఇవ్వడానికి 40 రోజులు తిప్పారు, మూడుసార్లు ఫొటోలు అడిగారు. రెండోది బాగా పనిచేస్తోంది. ఏడాది దాటాక 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య అంకెలు మాసిపోవడం మొదలైంది. పిక్క కొలతలు ఎక్కువగా పడేది అక్కడే, స్పిరిట్‌తో తుడిచేదీ అక్కడే. తడి గుడ్డ, సబ్బు చాలని ఇప్పుడు తెలుసుకున్నాను. గొట్టం లోపల మాత్రం శుభ్రం చేయడానికి వీలు లేదు. అందుకే చర్మం పగిలి నీరు కారుతున్న కాళ్ళకు దీన్ని వాడను, వాళ్ళకు విడివిడిగా కాగితపు టేపులు వాడి పారేస్తాను. ఇంకొకటి, మా గదిలోని స్టీలు స్కేలు పక్కన పెట్టి మూడు నెలలకొకసారి సరిచూస్తాను. ఇంతవరకు సాగలేదు. నా పాత టైలరు టేపు మాత్రం మీటరుకు సెంటీమీటరు దాకా సాగి ఉందని అప్పుడే బయటపడింది.

వ్యాయామశాలల్లో వాడే, బొత్తాం నొక్కితే చుట్టుకుపోయే రకం టేపు కూడా కొని చూశాను. నడుముకు, ఛాతీకి పనికొస్తుంది. కాలు కింద సన్నగా, పైన లావుగా ఉంటుంది కనుక అది నిలవక కిందికి జారిపోతుంది, పైగా ఎంత లాగుతోందో మనకు తెలియదు. కాలిని నీళ్ళ డ్రమ్ములో ముంచి పొర్లిన నీటిని కొలిచే పద్ధతి చాలా నమ్మకమైనది, కానీ పుండ్లు ఉన్నవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు కుదరదు.

టేపు కాలి పరిమాణాన్ని చెబుతుందే తప్ప లోపల రక్తం ఎలా పారుతోందో చెప్పదు. ఇది కొనేవాళ్ళందరూ గుర్తుంచుకోవాలి. రక్తం పారే వేగాన్ని కొలవడానికి వేరే పద్ధతి ఉంది. 1953లో విట్నీ అనే శాస్త్రవేత్త పాదరసం నింపిన సన్నని రబ్బరు గొట్టాన్ని పిక్కకు చుట్టి కొలిచే విధానాన్ని వివరించారు. తొడకు కట్టిన పట్టీలో గాలి నింపి సిరలను మూస్తే, ధమనుల నుంచి రక్తం వస్తూనే ఉంటుంది, పోవడం ఆగుతుంది, పిక్క ఎంత వేగంగా ఉబ్బుతుందో అదే రక్తప్రవాహం. ఇప్పుడైతే శబ్ద తరంగాలతో రక్తం పారే తీరును చూపించే డాప్లర్ స్కాన్ ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 11 మందికి మెడ సిరలను స్కాన్ చేసి చూస్తే, ఆరుగురిలో రక్తం నిలిచిపోవడమో వెనక్కి పారడమో కనిపించిందని, ఒకరికి గడ్డ కూడా కట్టిందని 2019లో వెల్లడైంది. ఏ టేపుకూ అది దొరకదు. కనుక ఒక కాలు ఒక్కటే హఠాత్తుగా వాచి, పిక్కలో నొప్పి ఉంటే, ఇంట్లో కూర్చుని కొలుచుకుంటూ ఉండకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి డాప్లర్ చేయించుకోండి. నా దగ్గరికి కట్టు కోసం వచ్చిన ఒక కుర్రాడిని ఇలాగే స్కాన్‌కు పంపితే తొడ సిరలో గడ్డ బయటపడింది.

కొనాలనుకుంటే సెంటీమీటర్ల వైపు మిల్లీమీటర్ల గీతలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి, కొన్నిటి మీద అంగుళాలే ముందుకు కనబడతాయి. పొడవు 150 సెంటీమీటర్లు చాలు. కొలిచే తీరు కూడా డబ్బంత ముఖ్యం. రోగిని పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, అరికాలికి చెక్క ఆనించి, దాని నుంచి నాలుగేసి సెంటీమీటర్లకు పెన్నుతో గీతలు పెట్టి, ప్రతిసారీ అదే వేళకు కొలవాలి. ఐదుకు నాలుగు ఇస్తాను. అంకెలు మాయకుండా ఉంటే ఐదూ ఇచ్చేదాన్ని.

పోయిన నెల మరొకటి తెప్పించుకుని, పాతదాన్ని మామ్మగారి కోడలికి ఇచ్చాను. మాసిన అంకెల మీద సన్నని పెన్నుతో మళ్ళీ రాసి ఇచ్చాను. ఆమె ఆదివారం పొద్దున ఏడింటికి ఫోను చేస్తుంది. పక్కన మామ్మగారు "లాగకు, పూస చూడు" అని చెబుతుండటం వినబడుతుంది. "మొదటి గీత, పూస కనబడింది మేడమ్, 31.4" అంటుంది. నేను నోటుపుస్తకంలో రాసుకుంటాను. పోయిన ఆదివారం అక్కడ 31.9 ఉంది.